సరంగు దిండు

లాంచీ రేవు దిమ్మను గుద్దినప్పుడు దాన్ని నడిపే సరంగు కళ్లు తెరుచుకునే ఉన్నాయి. అతన్ని భయపెట్టింది అదే.

దిమ్మ కనబడుతూనే ఉంది. ఇంజన్ వెనక్కి తిప్పాలని తెలుస్తూనే ఉంది. చెయ్యి మాత్రం కదల్లేదు. దిమ్మకు పాత టైర్లు కట్టి ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆదివారం ఆరాధనకు బయల్దేరిన జనమంతా ఏటి పాలయ్యేవారు.

"ఏం సరంగూ, రేవును కూడా అవతలికి దాటిద్దామనుకున్నావా?" కిందపడ్డ టోపీ దులుపుకుంటూ అన్నాడు దర్జీ.

జనం నవ్వారు.

"దిగేవాళ్లు నోరు మూసుకుని దిగండి!" కసిరాడు సరంగు. నవ్వులు టక్కున ఆగిపోయాయి.

ఒకప్పుడు దర్జీ ఒక మాటంటే సరంగు నాలుగు అనేవాడు. రెండో సరంగు పని మానేసి వెళ్లాక రెండు షిఫ్టులూ తన నెత్తినే వేసుకున్నాడు. మనిషి దొరక్క కాదు. సొంత అల్లుడే ఉన్నాడు, పరీక్ష ప్యాసై, లైసెన్సు జేబులో పెట్టుకుని మరీ. కాకపోతే ప్రతిదీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకునే మనిషి. రేవులో అందరూ "నిదానం" అనే పిలుస్తారు. మామగారు అతనికి మోకులు కట్టే పని తప్ప చక్రం ముట్టుకోనిచ్చింది లేదు.

"వాడికి చక్రం ఇస్తే అవతలి ఒడ్డు చేరేసరికి నా మనవరాలికి పెళ్లీడొస్తుంది" అనేవాడు.

అందరూ చర్చి వైపు నడిచారు. సరంగు భార్య మాత్రం ఆగి, సంచిలోంచి ఒక దిండు తీసి అతని ఒళ్లో పడేసింది.

"లాంచీలో దిండెందుకే?"

"ప్రభువు వేసుకోలేదా? అంత గాలివానలో పడవ వెనక దిండు మీద తల వాల్చి నిద్రపోయాడు. మీరు ఆయనకంటే పెద్ద సరంగా?"

"ఆయన దేవుడు. నోరు మూసుకోమంటే గాలి కూడా మూసుకుంది. నేను చెబితే నువ్వే మూసుకోవు."

"కదా! గాలిని ఎలాగూ ఆపలేరు, మరి నిద్రనెందుకు ఆపుకుంటారు? ఈ పూటైనా ఆరాధనకు రండి."

"ఇంజన్ చూసుకోవాలి."

ఆమె వెళ్లిపోయింది. చర్చి నుంచి పాట వినబడింది. ఊరందరినీ ఆరాధనకు చేరవేసి తను బయటే కూర్చోవడం అతనికి అలవాటైపోయింది. ఒకప్పుడు ఆ పాటల్లో అందరికంటే పెద్ద గొంతు తనది. ఇవాళ అది పక్కింట్లో ఎవరో మోగిస్తున్న రేడియోలా ఉంది. ప్రార్థన చేద్దామని తల వంచాడు. "ప్రభువా" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. దిండును బల్ల మీదకు విసిరి, తుడిచిన ఇంజన్‌నే మళ్లీ తుడిచాడు.

తిరుగు ప్రయాణంలో లాంచీ నడి ఏటికి చేరిందో లేదో ఆకాశం నల్లబడింది. గాలి విరుచుకుపడింది. వాన అద్దాన్ని బాదుతోంది. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఆ హోరులో, ముందు నీళ్ల మీద ఊగుతూ ఎర్రదీపం కనబడింది.

హెచ్చరికగా కట్టిన ఆ దీపం పక్కనే రాళ్లున్నాయి. దీపానికి ఏ పక్క?

సరంగుకు గుర్తు రాలేదు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన సంగతి, బుర్రలోంచి ఎవరో తుడిచేసినట్టు పోయింది.

"మామగారూ, కుడికి కొట్టండి. దీపం మన ఎడమకు రావాలి" అన్నాడు నిదానం.

"నాకు నేర్పుతున్నావా?"

అన్నాడే గానీ చేతులు కదల్లేదు. పొద్దున రేవు దగ్గర ఎలా బిగుసుకున్నాయో అలాగే బిగుసుకున్నాయి. దీపం దగ్గరవుతోంది. వెనక భార్య గొంతు ప్రార్థిస్తోంది. ఇన్నాళ్లూ జనం కోసమే చక్రం పట్టుకున్నాననుకున్నాడు. కాదు, వదిలేస్తే తనెవరో తనకే తెలియకుండా పోతుందన్న భయంతో పట్టుకున్నాడు.

'ప్రభువా, ఈ లాంచీ నీది. ఈ జనం నీవాళ్లు. నేను అలిసిపోయానయ్యా.'

చాలా కాలం తర్వాత ప్రార్థన మొదటి మాట దాటింది.

"అల్లుడూ, పట్టుకో."

"ఏంటి మామగారూ?"

"చక్రం! నాకు చేతకావడం లేదు."

చక్రం వదలడమంత బరువు లంగరు ఎత్తడంలో కూడా అతనికి ఎప్పుడూ అనిపించలేదు. నిదానం చక్రం అందుకుని కుడికి తిప్పాడు. సరంగు అతని భుజం మీదకు వంగాడు.

"ఇంకాస్త... ఇంకాస్త కొట్టు..."

"మామగారూ, నేను మీ మొహం చూడనా, ఏరు చూడనా? పడుకోండి."

"ఇప్పుడా?"

తలుపులోంచి భార్య దిండు వైపు వేలు చూపించింది.

సరంగు పడుకున్నాడు. అల ఒకటి లాంచీని ఎత్తి కుదేసింది. ఒళ్లు అలవాటు కొద్దీ లేవబోయింది. పళ్లు బిగించి తలను మళ్లీ దిండుకు ఆనించాడు. బతుకులో ఇంత కష్టమైన పని చేసి ఎరగడు. ఎర్రదీపం ఎడమ కిటికీలోకి వచ్చింది, మెల్లగా జారుకుంటూ వెనక్కి పోయింది. అతని కళ్లు మూతలు పడ్డాయి.

మెలకువ వచ్చేసరికి అంతా నిశ్శబ్దం. ఇంజన్ చప్పుడు లేదు.

"మునిగిపోయామా!" అంటూ దిగ్గున లేచాడు.

"మునిగింది మీరొక్కరే, నిద్రలో" అంది భార్య.

బయట సొంత రేవు. లాంచీ దిమ్మకు ఒరుసుకోకుండా ఆగి ఉంది. వాన వెలిసింది. జనం దిగుతున్నారు.

"సరంగూ, ఆ గాలిలో కూడా నీ గురక వినబడిందయ్యా!" అరిచాడు దర్జీ. "ముందు హడలిపోయాం. తర్వాత, సరంగే హాయిగా నిద్రపోతుంటే ఇంక మనకు భయమేంటని కుదుటపడ్డాం!"

సరంగు ఫక్కున నవ్వాడు. "నువ్వు కుట్టిన చొక్కా వేసుకుని ఊపిరి పీల్చడమే కష్టం. గురక పెట్టానంటే నన్ను మెచ్చుకోవాలి!"

రేవంతా ఘొల్లుమంది.

నిదానం మోకు కడుతున్నాడు. కట్టిన ముడినే విప్పి మళ్లీ కడుతున్నాడు. సరంగు వెళ్లి మోకు అందుకున్నాడు.

"ఇది నేను కడతాను. రేపట్నుంచి పొద్దుటి షిఫ్టు నీది. ఆదివారం కూడా నువ్వే నడుపు, నేను జనంలో కూర్చుంటాను. అవతల లాంచీ కట్టేసి ఇద్దరం చర్చిలోకెళదాం."

"మరి ఇంజనో?"

"మనం వచ్చేదాకా ఎక్కడికీ పోదు."

మరుసటి ఆదివారం చర్చిలో మొదటి పాటకే వెనక వరుసలోంచి ఒక పెద్ద గొంతు లేచింది. ముందు కూర్చున్న దర్జీ తుళ్లిపడి వెనక్కి తిరిగాడు.

"నెమ్మదయ్యా సరంగూ, పైకప్పు లేచిపోతుంది!"

సరంగు గొంతు ఇంకా పెంచాడు.