తూర్పు తలుపుకు కొట్టిన పలకలు

సాంగ్ రాజ్యపు సరిహద్దు ఊళ్లో కలప వర్తకుడు బీ యోంగ్ ఒక్క ముడి కనబడినా పలకను వెనక్కి పంపేసేవాడు. తండ్రి శవపేటికను పెట్టే పై పెట్టె కోసం మూడేళ్ళు ముందే దేవదారు పలకలు ఏరి ఎండబెట్టాడు. అయిదంగుళాల మందం. ముడి లేదు, పగులు లేదు. తండ్రి పోయాక, కొంగ్ గురువు చెప్పిన మర్యాద ప్రకారం శవం ఉన్న లోపలి పేటికను ఇంటి పడమటి మెట్ల దగ్గర ఉంచారు. ఖననం మూడో నెలలో.

రెండో నెలలోనే పొరుగు చూ రాజ్యపు సైన్యం నది దాటిందని కబురొచ్చింది.

ఊరిని కాపాడటానికి, ఆడంబరపు అంత్యక్రియలు వద్దనే మో గురువు శిష్యులు పదకొండు మంది గడ్డి చెప్పులతో వచ్చారు. వాళ్ళ పెద్ద తాంగ్ కూ ఊరి కోట తూర్పు తలుపును తట్టి చూసి, తిన్నగా యోంగ్ ఇంటికొచ్చాడు.

"తలుపు పుచ్చిపోయింది. నిప్పు పెడితే పూటలో కూలుతుంది. ఆ దేవదారు పలకలు కావాలి."

"నా కొట్లో కలపంతా పట్టుకుపోండయ్యా. అవి మాత్రం వద్దు."

"చూశాను. అంతా పల్చన."

తెర వెనక నుంచి తల్లి అందుకుంది. "మూడంగుళాల పెట్టెలో పాతేసి మర్నాడే పొలానికి పొమ్మనేవాళ్ళు కదయ్యా మీరు! మందపు పెట్టె దండగన్నారు. ఇప్పుడు దానిమీదే పడిందా కన్ను?"

"ఇప్పటికీ అంటానమ్మా. నేలలో పెడితే దండగే."

"యోంగూ, వీణ్ణి బయటికి పంపు."

యోంగ్ పంపలేదు. మనసులో తూకం వేసుకున్నాడు. ఇస్తే తండ్రిని దోచిన కొడుకవుతాడు, ఊళ్లో తలెత్తలేడు. ఇవ్వకపోతే శవపు బండి లాగడానికి ఊళ్లో మనుషులే మిగలరు. రెండు వైపులా నష్టమే ఉన్న బేరం ఇంతవరకూ అతనికి తగల్లేదు.

"ఇస్తానమ్మా. పాపం నాది."

తల్లి తెర తొలగించుకుని బయటికొచ్చింది.

"తలుపుకు కొట్టినా అది మీ నాన్న పెట్టే. రెండు పూటలా అక్కడికే వచ్చి ఏడుస్తాను. ఎవడైనా అడ్డొస్తే పలకలు పీకించుకుపోతాను."

బయటివైపు పలకలు కొట్టి బురద మెత్తారు. పద్దెనిమిది రోజులు ముట్టడి సాగింది. అన్ని రోజులూ ముసలామె లోపలివైపు తలుపుకు నుదురానించి శోకాలు పెట్టింది. శోకం దండగనే మనుషులు విల్లులు దించుకుని, తలలు వంచుకుని విన్నారు. చూ సైన్యం వెనుదిరిగేనాటికి వాళ్ళలో ఏడుగురే మిగిలారు.

దించిన పలకల నిండా మసి. విరిగిన బాణపు మొనలు లోపలే దిగబడి ఉన్నాయి.

"చిత్రిక పడతానయ్యా, కొత్తవాటిలా వస్తాయి," అన్నాడు వడ్రంగి.

యోంగ్ ఒక్కో చిల్లునూ వేలితో తడుముతూ పోయాడు. నలభై దాకా ఉన్నాయి.

"వద్దు. ఇలాగే పెట్టె చెయ్యి."

ఖననం నాడు తాంగ్ కూ కట్టు కట్టిన చేత్తో వచ్చి, బండి తాడు దగ్గర నిలబడ్డాడు.

"మీ గురువు ఒప్పుకుంటాడా?" అంది తల్లి.

"ఏళ్ళ తరబడి ఏడవొద్దన్నాడమ్మా. తాడు పట్టొద్దనలేదు."

ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది.