‘రెండో కూత’ రికార్డయిన రోజు

1986 వేసవిలో, అనంతపురంలో ఒక బట్టల దుకాణం పైన కొత్తగా తెరిచిన రికార్డింగు గదిలో ఆనాడు హాజరైనవారిని, వారు కూర్చున్న వరుసలోనే పేర్కొంటాను. మైకు ముందు గాయని తిరుపాలమ్మ. ఆమెకు కుడివైపు, పాటలన్నీ కట్టిన హనుమంతరాయుడు, హార్మోనియంతో. అతని పక్కన గిటారుతో రైలు గార్డు ఓబుళేసు. వీరికి ఎదురుగా డోలక్‌తో షంటింగు ఇంజను డ్రైవరు ఎర్రన్న. తలుపు దగ్గరి కుర్చీలో నేను. గుంతకల్లులో స్టేషన్ సూపరింటెండెంటుగా పదవీవిరమణ చేసి, ఈ ‘జంక్షన్ బృందా’నికి అధ్యక్షుడిగా ఉన్నవాణ్ణి. అద్దానికి అవతల, యంత్రం ముందు, క్యాసెట్ల కంపెనీ మేనేజరు. బయట వరండాలో, మా బృందానికి చెందని మరొక డోలక్ వాయిద్యగాడు.

ఈ చివరి వ్యక్తి ఎందుకు వచ్చాడో చెప్పవలసి ఉంది.

మా మొదటి క్యాసెట్టును రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో, బల్లమీద టేపురికార్డరు పెట్టి తయారు చేసుకున్నాము. అందులో సినిమా పాట ఒక్కటీ లేదు. అయినా గుంతకల్లు ప్లాట్‌ఫారాల నుంచి బెళుగుప్ప టీకొట్ల దాకా అది మోగింది. ఇన్‌స్టిట్యూట్‌లో పేకాడుకునే పెద్దమనుషులు మాత్రం, అది గాలివాటమనీ, రెండోది తీసి చూపించమనీ అన్నారు. ‘రెండో కూత’ అనే పేరు అప్పుడే పుట్టింది. కంపెనీవారు ముందుకు వచ్చి, స్టూడియోలోనే రికార్డు చేయాలన్నారు. వాయిద్యంలో లోపం కనబడితే సర్దుకోవడానికి తమ మనిషిని కూడా సిద్ధంగా ఉంచారు.

లోపం మొదటి పాటలోనే కనబడింది. హార్మోనియం ఎత్తుకుంది, గిటారు అందుకుంది, అద్దం మీద ఎర్రదీపం వెలిగింది, డోలక్ ఆగిపోయింది.

“ఏమప్పా ఎర్రన్నా, నిలిపేస్తివే? ఎదురుగా గూడ్సు బండి వస్తాందా?” అన్నాడు ఓబుళేసు.

“వచ్చినా గుద్దేది నీ గిటారుకే లే. నేను యాడ నిలిపినానన్నా, చెయ్యే నిలిచిపాయ. ఎర్రగా కనపడె గదా!”

మేనేజరు కృష్ణా జిల్లావారు, మర్యాదస్తులు. అద్దం వెనకనుంచి బయటికి వచ్చి, “మాస్టారూ, ఇది స్టేషన్ కాదండీ. ఇక్కడ ఎర్రదీపం వెలిగితేనే బండి కదిలేది” అన్నారు.

“ఆ దీపాన్ని ఆర్పవచ్చునా?” అని నేను అడిగాను.

“కుదరదండీ. యంత్రానికీ దీపానికీ మీట ఒక్కటే.”

మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ దీపం, మళ్ళీ నిశ్శబ్దం. ఎర్రన్నను గోడవైపు తిప్పి కూర్చోబెట్టాము. పల్లవి నుంచి చరణానికి మళ్ళేచోట తిరుపాలమ్మ ముఖం చూసి దరువు మార్చడం అతని అలవాటు. ముఖం కనబడక తాళం దారి తప్పింది. కళ్ళు మూసుకోమన్నాము, అదీ అంతే అయింది. ఇరవై ఏండ్లకు పైగా ఎర్రరంగు కనబడగానే ఇంజను ఆపిన చెయ్యి అది. ఆ క్రమశిక్షణను నేరంగా ఎంచడం నావంటి రైల్వే ఉద్యోగికి సాధ్యం కాదు.

మేనేజరు గడియారం చూసుకున్నారు. “ఇంకొక్కసారి చూద్దామండీ. ఆగిందంటే బయట ఉన్నాయన్ని కూర్చోబెట్టేస్తాను. క్యాసెట్టు మీద ఆయన పేరే వేయాల్సి వస్తుంది.”

ఎర్రన్న లేచి, భుజం మీది తువ్వాలుతో డోలక్ తుడిచాడు. “ఆయప్పనే పిలవండి సారూ. నా వల్ల పాట చెడిపోగూడదు.”

“నీ దరువు మీద కట్టిన పాటప్పా ఇది!” అన్నాడు హనుమంతరాయుడు.

“యాడికి పోతావన్నా, కూర్చో” అన్నది తిరుపాలమ్మ. ఆమె ధర్మవరం మగ్గాల ఇంటి కోడలు. పుట్టింది మాత్రం గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో. నావైపు తిరిగి, “సారూ, సిగ్నలు చెడిపోయి ఎర్రగానే నిలిచిపోతే బండి ఎట్ల పోతాది?” అని అడిగింది.

“స్టేషన్ మాస్టరు లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. సిగ్నలు స్తంభం పాదం వద్ద ఒక ఉద్యోగి నిలబడి పచ్చజెండా చూపాలి” అన్నాను.

“ఆ కంబం కింద నిలబడి జెండా చూపించినోడే గదా మా నాయన! ఈ సిగ్నలు చెడిపోయినాది, అంతే.” అంటూ వెళ్ళి సరిగ్గా ఎర్రదీపం కింద నిలబడి, కట్టుకున్న చీర పచ్చచెంగును చేతిలోకి తీసుకున్నది. “మేనేజరు సారూ, మైకు ఈ తట్టు జరపండి.”

ఎర్రన్న ముఖంలో వెలుగు కనబడింది, కాని కూర్చోలేదు. “జెండా సరే. కాయితం యాడుండాది?”

“ఓరి నీ రూల్సు పాడుగాను!” అన్నాడు ఓబుళేసు.

నేను కలం తీశాను. “ఎర్రదీపమును లక్ష్యపెట్టక, పాట ముగియువరకు సాగవచ్చును” అని రాసి, పూర్వపు హోదాతో సంతకం చేసి ఇచ్చాను. ఎర్రన్న దాన్ని చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకొని కూర్చున్నాడు.

దీపం వెలిగింది. అతని చెయ్యి డోలక్ మీద గాలిలో నిలిచింది. దీపం కింద పచ్చచెంగు అటూ ఇటూ నిదానంగా ఊగింది. దెబ్బ పడింది.

“మబ్బు బండీ, మబ్బు బండీ, మా ఊర్లో నిలవవేందీ...”

వానకోసం చూసే సీమ పాట అది. అయినా ఏడుపు పాటగా హనుమంతరాయుడు కట్టలేదు. కూత వేసుకుంటూ పరుగెత్తే పాటగా కట్టాడు. పట్టాల అతుకుల మీద చక్రాలు పలికినట్టు డోలక్ పలికింది. తిరుపాలమ్మ ఒక చేత్తో చెంగు ఊపుతూ, కళ్ళతో ఎర్రన్నకు మలుపులు చూపుతూ, ఒక్క స్వరమూ జారకుండా పాడింది. వరండాలోని వాయిద్యగాడు తలుపుకున్న అద్దానికి ముఖం ఆనించి, తన తొడమీద దరువు వేస్తున్నాడు. పాట ముగిసిన తరువాత కూడా మేనేజరు మీట నొక్కడం మరిచారు. చివరికి చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి, “మిగతా పాటలకీ ఆ కాగితం చెల్లుతుందా మాస్టారూ?” అని అడిగారు.

“చెల్లదు. ప్రతి పాటకు వేరు అనుమతి ఉండాలి” అన్నాను. అట్లే రాసి ఇచ్చాను. పొద్దుగూకకముందే ‘రెండో కూత’ పూర్తయింది.

ఆ క్యాసెట్టు మొదటిదానిని మించి అమ్ముడుపోయింది. లేపాక్షికి పోయే బస్సులలో కూడా అదే మోగింది. దాని అట్టమీద గాయని పేరు కింద ఎర్రన్న పేరు అచ్చయింది. పేకాట పెద్దమనుషులు తమకు కూడా ఒకటి పంపమని కబురు చేశారు, పంపాను.

తోటి కళాకారుడు తన స్థానం వదులుకోవడానికి లేచి నిలబడిన క్షణంలో, ఎర్రదీపం కింద నిలిచి, పచ్చచెంగు చూపుతూ, పాడుతూ, అతనిని అతని స్థానంలోనే నిలిపిన శ్రీమతి తిరుపాలమ్మ చేసిన కార్యాన్ని జంక్షన్ బృందం పక్షాన, దాని అధ్యక్షుడిగా, సగర్వంగానూ కృతజ్ఞతాపూర్వకంగానూ ఇందుమూలముగా గుర్తిస్తున్నాను.