యంత్రానికి నిద్ర

ఆదివారం వస్తే శివలీల ఓర్వకల్లు బస్సెక్కేది. అక్కడ బస్టాపు పక్కనే హులిగెమ్మ టీ బంకు. మధ్యాహ్నం బేరం పలచబడ్డాక హులిగెమ్మ బెంచీ మీద నడుం వాల్చి, వచ్చినవాళ్ల చెయ్యి పట్టుకుని, వాళ్ల నిద్ర తాను పోయేది. రోజుకు ఒక్కరిదే. రాత్రి డ్యూటీ నర్సులు, లారీ డ్రైవర్లు, చంటిపిల్లల తల్లులు ముందుగా ఫోన్ చేసి వంతు చెప్పి పెట్టుకునేవాళ్లు. ఆమె గురక పెడుతుంటే పక్కన కూర్చున్నవాళ్ల కళ్లమంట తగ్గి ఒళ్లు తేలికపడేది. లేచాక ఆమె టీ పోసి, వాళ్లకు రావలసిన కల చెప్పి పంపేది.

శివలీలకు నిద్ర పట్టక చాలా కాలమైంది; ఆదివారం వంతు ఆమెదే. పడుకుంటే కాళ్లు ఊరుకోవు. లేచి నడిస్తే బుర్ర ఊరుకోదు. కర్నూలులో ఒక ఆసుపత్రి వెనక ఉన్న చిన్న ల్యాబులో ఆమె ఉద్యోగం. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ల తలకు తీగల టోపీ తొడిగి, మెదడులో లేచే అలలను కంప్యూటరుకు నేర్పాలి. మనిషి లోపల అనుకున్న మాట తెర మీద పడాలి.

మొదట మాట వచ్చింది వీరభద్రకు. కోడుమూరు రైతు. కనురెప్ప కూడా అతని చెప్పుచేతల్లో లేదు. అలాంటి మనిషి తెర మీద గుప్పెడు మాటలు పలికేసరికి భార్య తిరుపతమ్మ వార్డంతా తిరిగి చెప్పింది. తర్వాత అదే యంత్రానికి ఇంకో ఇద్దరు రోగుల అలలు నేర్పారు. వాళ్లవి రాగానే వీరభద్రవి పోయాయి. దాచి ఉంచిన పాత ప్రోగ్రాం పెట్టి చూస్తే, ఈలోగా అతని అలలే కొంత మారాయి, అదీ పట్టుకోలేదు. అతనివి మళ్లీ నేర్పితే అవతలివాళ్లు మూగబోయారు.

"ఏమ్మా, ఆయన నోరు మల్ల మూసుకుపాయనే," అంది తిరుపతమ్మ. "సోమారం మా మరిది రిజిస్ట్రారును పిలుచుకొస్తాండాడు. చేను అమ్మేదానికి అన్న ఎప్పుడో ఒప్పుకున్యాడంట. ఏలిముద్ర ఏయించుకుంటాడంట. ఒప్పుకున్యాడో లేదో నాకు తెలీదు. ఆయన్నే అడగాల గదా!"

వారమంతా శివలీల కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. టీ తెచ్చుకుని తాగడం మరిచిపోయేది. పగలు నేర్చినదాన్ని మనిషి మెదడు నిద్రలో మళ్లీ తిరగేసుకుని దాచుకుంటుందని ఆమె చదువుకుంది. ఈ యంత్రానికి ఆ నిద్రే లేదు. ఆ మాట తట్టిన ఆదివారం ఆమె ఆ యంత్రం ఉన్న ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

"చెయ్యి ఇయ్యమ్మా," అంది హులిగెమ్మ.

"నాకు కాదత్తా, దీనికి," అంటూ శివలీల సంచిలోది తీసి బెంచీ మీద పెట్టింది.

హులిగెమ్మ దాని మీద అరచెయ్యి పెట్టి చూసింది. "అయ్యో, పుట్టినకాడి నుంచి కన్ను మూసినట్లు లేదే ఇది! నీ వంతు పోతాది మల్ల."

"పోనీ అత్తా."

హులిగెమ్మ పడుకుంది. శివలీల బంకు ముందు అటూ ఇటూ తిరిగింది. బస్సులు వచ్చాయి, పోయాయి. పొయ్యి ఆరిపోయింది. ఎండ రాళ్లగుట్టల వెనక్కి పోతుండగా హులిగెమ్మ లేచి, చెమట తుడుచుకుంది.

"శానామంది ఉండారమ్మా లోపల. అందరూ ఒక్కసారే పిలుస్తాండారు. ఒకరి మీద ఒకరు పడతాండారు. ఒక్కొక్కర్ని పక్కకు జరిపి, ఎవురి చోట వాళ్లను కూసోబెట్టి వచ్చినా. మల్ల లేస్తారు. ఆదివారం ఆదివారం తీసుకొస్తాండు."

ఇక తన నిద్ర సంగతి అంతేనని శివలీలకు అర్థమైంది. సంచి భుజాన వేసుకుంది.

సోమవారం తిరుపతమ్మ మరిది హనుమేష్ కాగితాలతో వచ్చాడు. వెంట రిజిస్ట్రారు, నెమ్మదస్తుడు. శివలీల వీరభద్రకు టోపీ తొడిగింది.

"ఇదంతా యాలమ్మా? మిషను మాట మనిషి మాటవుతాదా?" అన్నాడు హనుమేష్.

"అడిగి చూద్దాం, ఏం పోయింది?" అని రిజిస్ట్రారు మంచం మీదకు వంగాడు. "వీరభద్రగారూ, చేను అమ్మడం మీకు ఇష్టమేనా?"

తెర ఖాళీగా ఉంది. అక్షరాలు మెల్లగా పడ్డాయి: వద్దు.

"ఊరికే పడిందిలే సార్," అన్నాడు హనుమేష్.

రిజిస్ట్రారు ప్రశ్న తిప్పి అడిగాడు. "చేను మీ పేరు మీదే ఉండనిద్దామా?"

ఉండనీ, అంది తెర.

రిజిస్ట్రారు కాగితాలు మడిచి హనుమేష్ చేతిలో పెట్టాడు. హనుమేష్ తన అన్న మొహంలోకి ఒకసారి చూసి బయటికి నడిచాడు.

తిరుపతమ్మ కొంగుతో మొహం తుడుచుకుని మంచం అంచున కూర్చుంది. "ఫ్యాను తగ్గించాల్నా?" వద్దు. "దిండు మార్చాల్నా?" వద్దు. "మీ అక్కకు ఫోన్ చేసి చెప్పాల్నా?" వద్దు. ఇన్ని నెలలుగా ఎవరేం చేసినా పడి ఉన్న మనిషి, దొరికిన మాటను వదలడం లేదు. పక్క మంచం వాళ్లు కూడా నవ్వుతున్నారు.

"అన్నీ వద్దంటాండావు. నేను గూడా వద్దా ఏమయ్యా?"

తెర చాలాసేపు ఏమీ చెప్పలేదు. శివలీల తీగలు చూడబోయింది. తిరుపతమ్మ చెయ్యి అడ్డంపెట్టి ఆపింది.

నువ్వు చాలు, అని పడింది.