మెయిలుకు తాళం

మా ఇంటి ముందుగదే మా కుట్టు షాపు. షాపులో ఉన్న ఒక్క కంప్యూటరే ఇంటికీ దిక్కు. లెక్కలకు తమ్ముడు, పాటలకు మరదలు, స్కూళ్ళ వాళ్ళు పంపే యూనిఫారాల ఆర్డర్ల కోసం నేను, ఎవరికి తీరిక దొరికితే వాళ్ళం దాని ముందు కూర్చుంటాం. మెయిలు కూడా అందరికీ కలిపి ఒకటే. ఎవరు తెరిచినా తెరుచుకునేది.

తమ్ముడు నన్ను కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళి వచ్చిన మర్నాడు దానికి తాళం పడింది. ఎప్పటిలాగే నొక్కితే పాస్‌వర్డు చెప్పమంది.

"ఏంట్రా ఇది?" అన్నాను తమ్ముడితో.

"షాపుకొచ్చే వాళ్ళంతా తొంగి చూస్తున్నారక్కా. జాగ్రత్త కోసం పెట్టా."

"మరి పాస్‌వర్డు చెప్పు."

"నీకెందుకు శ్రమ? ఆర్డర్లు నేను చదివి చెప్తాగా."

అబ్బో, ఎంత శ్రద్ధో! వీడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పింది నేను. అబద్ధం చెబితే వీడి చెవులు ఎర్రబడతాయని నాకు తెలియదా? రిపోర్టు మెయిలు చేస్తానని డాక్టరమ్మ నా ముందే అంది. ఆ రిపోర్టు నా కంట పడకూడదని ఈ తాళం.

కుడి కన్ను ఎప్పుడో పోయినట్టే. ఎడమ కంటితో నెట్టుకొస్తున్నాను. అందులోనూ చుట్టూ మసక, మధ్యలో కాస్త చూపు. ఆ కాస్తా ఎన్నాళ్ళుంటుందో తెలిస్తే ముందు మరదలికి కటింగ్ నేర్పాలి. నా దగ్గర టేపుతో పని తక్కువ. పిల్లాణ్ణి ఎదురుగా నిలబెట్టి ఒక్కసారి పైనుంచి కిందిదాకా చూస్తాను. భుజం ఎటు వాలింది, పొట్ట ఎంత ముందుకొచ్చింది చూసుకుని సుద్దతో తిన్నగా గుడ్డ మీదే గీసేస్తాను. అమ్మ దగ్గర అలాగే నేర్చుకున్నాను. చూసి నేర్చుకోవాల్సిన పని, చూపు పోయాక ఎలా నేర్పుతాను? అది ఆగిపోతే షాపూ ఆగిపోతుంది.

మరదల్ని పిలిస్తే "తొందరేముంది వదినా, తర్వాత నేర్చుకుంటాలే" అంటుంది. అనేసి వంటింట్లోకి పోయి ముక్కు చీదుకుంటుంది. ఉల్లిపాయలట! పొయ్యి మీద పాలు తప్ప ఏమీ లేని పూట కూడా ఉల్లిపాయలే.

తాళమైతే వేశాడు గాని మావాడి తెలివి తెల్లారినట్టే ఉంది. కొత్త మెయిలు వచ్చినప్పుడల్లా తెర కింది మూలన చిన్న పెట్టె ఒకటి లేస్తుంది. పంపింది ఎవరో, మొదటి మాట ఏమిటో చూపించి పోతుంది. దాన్ని ఆపడం మరిచిపోయాడు. పైగా, అక్క కళ్ళకు ఇబ్బందని తెర మీద అక్షరాలన్నీ పెద్దవి చేసి పెట్టింది కూడా వాడే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది వీడి వ్యవహారం.

ఒక మధ్యాహ్నం తెర మీద కాలరు బొమ్మ చూస్తుంటే ఆ పెట్టె లేచింది. కంటి ఆస్పత్రి నుంచి. "మీ అక్కగారి ఎడమ కన్ను కూడా ఆపరేషన్‌తో నిలిచే దశ దాటింది. ఈ సంగతి ఆమెకు..." అంతే, మాయమైంది.

ఆమెకు? చెప్పమనా, చెప్పొద్దనా? ఆ సగం తాళం లోపలే ఉండిపోయింది. కత్తెర ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. కన్ను నాది, రాబోయే చీకటి నాది, తాళంచెవి మాత్రం వాడిదట!

అన్నాల దగ్గర అడిగాను, "రిపోర్టు వచ్చిందిరా?" అని.

"ఇంకా రాలేదక్కా. ఏముంటుంది, కళ్ళజోడు మారిస్తే సరిపోతుంది."

మరదలి చేతిలోంచి గరిటె జారింది. తర్వాత గదిలో వాడు పెళ్ళాంతో అంటున్నది వినిపించింది. చెవులు బాగానే పనిచేస్తున్నాయి నాకు. "తెలిస్తే అక్క మిషను ముట్టదే. కుట్టకపోతే అది బతకదు." ఆ మాటకు వాడి మీద కోపమంతా నీరుగారిపోయింది. అయినా వాడంతట వాడే చెప్తాడని చూశాను. రోజూ ఏదో ఒక వంకన అడుగుతూనే వచ్చాను. రోజూ కళ్ళజోడు మాటే.

నిన్న సాయంత్రం ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఆర్డరు చూస్తున్నాం. మూలన పెట్టె లేచింది. మళ్ళీ ఆస్పత్రే. "మీ అక్కగారికి చెప్పారా? చూపు ఉండగా ఆమె చేసుకోవలసిన పనులు..."

వాడు నావైపు తిరిగాడని ఊపిరి తగిలి తెలిసింది. నేను కళ్ళు చికిలించి కూర్చున్నాను.

"ఏదో వచ్చినట్టుందిరా. నా కంటికి ఆనడం లేదు. కాస్త చదివి పెట్టు."

చెప్పడానికి వాడికి ఇంతకంటే మంచి అవకాశం నేనివ్వలేను.

"దారాల కంపెనీ వాళ్ళక్కా," అన్నాడు. "కొత్త రంగులొచ్చాయట."

"ఏం రంగులు?"

"నీలం... ఆకుపచ్చ..."

చెవులు ఎర్రబడ్డాయేమో చూద్దామని తల తిప్పాను. వాడు నా పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గరలో ఉన్నాడు. తెర మీది పెద్ద అక్షరాలు అందిన కంటికి, ఎంత చూసినా ఆ రంగు తెలియలేదు. చెవి ఉండాల్సిన చోట మసక మాత్రం ఉంది.

"ఆ తాళం తీసెయ్‌రా," అన్నాను. "ఇంకొన్నాళ్ళు పోతే దాంతో పనే ఉండదు."

మౌసు మీద నుంచి చెయ్యి జారిపోయింది వాడికి. "అక్కా..." అంటూ నా భుజం మీద వాలిపోయాడు, చిన్నప్పుడు దెబ్బ తగిలించుకొచ్చినప్పటిలాగే. వీపు నిమిరాను.

"తర్వాత ఏడుద్దువుగాని. ముందు మీ ఆవిణ్ణి సుద్ద పట్టుకుని రమ్మను, కనపడుతుండగానే."