లష్కర్ జాన్ కొలువు

మా నాయిన పేరు జాన్. కాలువ మీద లష్కర్. తెలకపల్లి దగ్గర మా ఊరి పొంటి పోయే కాలువకు ఆయనే కాపలా. తూములు ఎత్తుడు, దించుడు, గట్టు ఎక్కడన్న కారుతుంటే నీటిపారుదల ఆఫీసుకు చెప్పుడు, పై రైతులు అడ్డం కట్టి నీళ్ళు మళ్ళించుకుంటే మాట్లాడి కిందోళ్ళకు గూడ పారేటట్టు చూసుడు, ఇదే ఆయన పని.

ఈ కొలువు మొదలు మా తాత జంగయ్యది. తాతకు ముందు మా ఇంట్ల అందరు ఊరి ఆసాముల దగ్గర జీతం ఉన్నోళ్ళే. సర్కారు కొలువు ఎక్కింది మా ఇంట్ల ఆయనే మొదలు. తాత నౌకరిల ఉండంగనే పానం పోతే అది నాయినకు వచ్చింది. నాయిన ఖాకీ అంగీ తొడిగి గట్టు మీద నడుస్తుంటే, మా తాతలను అరే అని పిలిచిన ఇండ్లోళ్ళు గూడ 'లష్కర్ సాబ్, నీళ్ళు ఎప్పుడొస్తయి' అని అడిగేటోళ్ళు. ఆ పిలుపు మా నాయినకు జీతం కంటే ఎక్కువ.

వానకాలం పంటకు నీళ్ళు ఇడిసిన రోజులల్ల, ఒకనాడు తెల్లారంగనే తూము కాడ గడ్డి పీకుతుంటే నాయినను రక్తపింజర పాము కరిచింది. నాగర్‌కర్నూల్ దవాఖానల సూదులేసి పట్నం పంపిచ్చిన్రు. పానం దక్కింది గని మోకాలు కింద కాలు కుళ్ళిపోయింది, తీసేసిన్రు. అమ్మ ఎస్తేరమ్మ దవాఖాన వరండాల కూసోని ప్రార్థన చేసింది. మనిషి మిగిలిండు, అదే సాలనుకున్నం.

నాయిన ఇంటికి వచ్చినంక చూడనీకె వచ్చినోళ్ళందరిది ఒకటే మాట. 'ఇంక నువ్వు గట్టు మీద నడవలేవు. ఆరోగ్యం బాగలేదని రిటైర్మెంట్ తీసుకో. ఆ కొలువు నీ బిడ్డకు వస్తది.' ఆఫీసు నుంచి వచ్చినోళ్ళు గూడ గట్లనే అన్నరు. ఎవ్వరు చెడు కోరి అనలేదు. ఎప్పటి నుంచో అట్లనే నడుస్తుండె, అందరికి అదే తొవ్వ తెలుసు.

ఆ బిడ్డను నేనే. నా పేరు కృప. అప్పుడు నాగర్‌కర్నూల్ల డిగ్రీ చదువుతున్న. టీచర్ కావాలని నా కోరిక. ఒక చుట్టమామె నా భుజం తట్టి, 'నీ రొట్టె విరిగి నేతిల పడ్డది పో' అన్నది. నాయిన కాలు పోతే నా రొట్టె నేతిల పడ్డదంట. ఇంట్ల గింత కష్టం ఉండంగ నా చదువు సంగతి ఎత్తితే ఏమనుకుంటరో అని భయం.

నాయిన దరఖాస్తు రాపిచ్చి సంతకం పెట్టిండు. పెట్టిన నాటి నుంచి మాట తగ్గిచ్చిండు. కాలువకు నీళ్ళు వచ్చిన చప్పుడు మా ఇంట్లకు ఇనపడుతది. అది ఇనపడితే చాలు, గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు.

దరఖాస్తు ఆఫీసుకు పోయినంక సుహాసిని మేడం దగ్గరి నుంచి ఫోన్ వచ్చింది. ఆమె వనపర్తి నుంచి కొత్తగ బదిలీ మీద వచ్చిన సూపరింటెండెంట్. సిబ్బంది నౌకరీల సంగతులన్ని ఆమె చూస్తది. దరఖాస్తు పైకి పంపే ముందల ఒకసారి మాట్లాడాలె, రాగలరా అని అడిగింది. నేను నాయిన ఆటోల పోయినం.

ఆఫీసు ముందల ఎత్తు మెట్లు. నాయిన చంకకర్రలు ఆనిచ్చి ఎక్కబోయి తూలిండు. నేను పట్టుకున్న. లోపలి నుంచి చూసి మేడమే దిగొచ్చింది. అటెండర్ శాంతమ్మతోటి కుర్చీలు బయట వేపిచ్చి, మా ఎదురుంగ కూసున్నది. నడివయసు మనిషి, మెల్లగ మాట్లాడుతది. ఈ దరఖాస్తు మీ మనసుతోటి పెట్టిందేనా అని అడిగింది.

నాయిన తల ఒంచుకొని, ఇంక పనికి రాను కద మేడం అన్నడు.

అప్పుడు ఆమె దివ్యాంగుల హక్కుల చట్టం గురించి చెప్పింది. నౌకరిల ఉండంగ ఎవరికన్న అంగవైకల్యం వస్తే సర్కారు ఆఫీసు వాళ్ళను తీసెయ్యొద్దు, హోదా తగ్గియ్యొద్దు. పాత పని చేయలేకపోతే అదే జీతం మీద వేరే పని ఇయ్యాలె. తగిన పోస్టు లేకపోతే అది దొరికే దాంక అదనపు పోస్టు పెట్టి అయినా ఉంచుకోవాలె. ఇదంత మాకు తెల్వదు. మాకు ఎవ్వరు చెప్పలేదు.

నేను సంబరపడ్డ. నాయిన మాత్రం మొఖం గట్టిగ చేసుకున్నడు.

"మేడం, మీరు మంచి మనసుతోటి చెప్తున్నరు. గని నాకు దయ వద్దు. ఊకె కూసోని జీతం తినుడు మా నాయిన నాకు నేర్పలేదు."

"దయ అయితే నా ఇష్టం జాన్ గారూ. ఇయ్యాల చూపిస్త, రేపు చూపియ్య. ఇది నా ఇష్టం కాదు. మీకు పని చూపిచ్చుడు ఈ ఆఫీసు డ్యూటీ. మేము చూపియ్యకపోతే తప్పు మాది."

నాయినను గారు అని పిలిచిన ఆఫీసరును నేను అప్పుడే చూసిన. తర్వాత మేడం నా దిక్కు తిరిగి, "నీకు ఈ నౌకరి కావాల్నా అమ్మా?" అని అడిగింది.

ఇన్ని దినాలు గొంతుల ఆపుకున్న మాట బయటికి వచ్చేసింది. "నాకు వద్దు మేడం. ఆ నౌకరి మా నాయినది. ఆయన బతికే ఉన్నడు."

నాయిన నా మొఖం చూసిండు. దవాఖాన నుంచి వచ్చినంక నన్ను గట్ల నిండుగ చూసుడు అదే మొదలు. చెయ్యి చాపి, ఆ దరఖాస్తు కాయిదం నాకు ఇయ్యండి మేడం అన్నడు.

కాయిదం వాపసు తీసుకున్నంత సులువుగ పని దొరకలేదు. పెద్ద సారు నిరంజన్ సారు, ఆ డివిజన్‌కు ఇంజనీరు. చెడ్డ మనిషి కాడు గని పైనోళ్ళకు జవాబు చెప్పాలని భయం. లష్కర్ అంటే నడిచే పని, నడవలేనోనికి ఏం పని ఇస్త, ముందు పై ఆఫీసుకు రాద్దాం, వాళ్ళు చెప్పే దాంక జీతం లేని సెలవుల ఉంచుదాం అన్నడంట. ఆ సెలవు పెట్టుడు గూడ చట్టం ఒప్పుకోదని మేడం అన్నది. పైకి రాస్తే రాద్దాం సార్, గని పని చూపిచ్చే బాధ్యత చట్టం మన మీదనే పెట్టింది అన్నది. లోపల జరిగిన ఈ మాటలన్ని మాకు తర్వాత శాంతమ్మ చెప్పింది.

అదే సమయంల జిల్లా ఆఫీసు నుంచి ఆఫీసులన్నిటిని ఈ చట్టం అమలు చేస్తున్నరా అని అడిగిన్రు. ఏటేటా అడుగుతరు, అవును అని రాసి పంపుతరు. ఈసారి మేడం రాయలేదు. జాన్ సంగతి తేలకుండ అవును అని రాస్తే అబద్ధం అయితది సార్, నేను రాయలేను అన్నదంట. సారు కొన్ని దినాలు ఆమెతోటి సరిగ మాట్లాడలేదు. మేడం తన పని తాను చేసుకుంట పోయింది. దినాం ఒక్కసారి మాత్రం అడిగేది, జాన్ గారి సంగతి ఏం చేద్దాం సార్ అని.

ఒక పొద్దు నిరంజన్ సారు కాలువ చూడనీకె మా దిక్కు వచ్చి, మా ఇంటి ముందల జీపు ఆపిచ్చిండు. అమ్మ పరేషాన్ అయ్యి కుర్చీ తుడిచి వేసింది. సారు కూసున్నడు, చాయ తాగిండు. జర సేపటికి నాయినను అడిగిండు.

"నీకు ఏం పని ఇయ్యాల్నో నాకు తోస్తలేదు జాన్. నువ్వే చెప్పు."

నాయిన దానికోసమే ఎదురు చూస్తున్నట్టు చెప్పిండు. "కంట్రోల్ రూమ్ల ఏయండి సార్. లష్కర్ల ఫోన్లు, రైతుల ఫోన్లు అన్ని ఆడికే వస్తయి. పగటి పూట ఎత్తేటోళ్ళు లేరని రైతులు తిడుతుంటరు. నడిచే పని చేయలేను గని మాట్లాడే పని చేస్త. ఈ కాలువ పొంటి ఎవలి పొలం ఏడున్నదో నాకు ఎరుకే."

సారు నవ్విండు. నిజమే, ఆ ఫోన్ ఎత్తక నేనే తిట్లు పడుతున్న అన్నడు. పోయేటప్పుడు నాయిన లేవబోతే వద్దని ఆపి, తానే ఒంగి షేక్‌హ్యాండ్ ఇచ్చిండు.

ఆర్డర్ వచ్చింది. అదే జీతం, అదే సర్వీసు. మెట్ల పక్కకు ర్యాంపు గూడ కట్టాలని మేడం గుర్తు చేసింది. కాలువకు సిమెంటు లైనింగ్ చేసే మేస్త్రీలనే సారు పిలిపిచ్చిండు. మొదలు నిట్టగ కట్టిన్రు. నాయిన దాని మీద కర్రలతోటి ఎక్కి చూసి, ఇది ఎక్కినోడు ఎనక్కి పడుతడు సార్ అన్నడు. సారు పగలగొట్టిచ్చి మళ్ళ వాలుగ కట్టిపిచ్చిండు. ఇప్పుడు ఆఫీసుకు ఎవరు వచ్చినా సారే దాన్ని చూపిస్తడు, తన ఇంటి గడప చూపిచ్చినట్టు.

డ్యూటీల చేరే దినం అమ్మ ఖాకీ అంగీ ఇస్త్రీ చేసింది. నాయిన దవాఖానల కొత్తగ చేపిచ్చిన పెట్టుడు కాలు తొడుక్కొని, ఒక్క కర్ర ఆసరతోటి ర్యాంపు ఎక్కిండు. నేను కిందనే నిలబడ్డ. కంట్రోల్ రూమ్ కిటికీ తెరిచే ఉన్నది. ఫోన్ మోగింది. "లష్కర్ జాన్ మాట్లాడుతున్న, చెప్పండి" అన్నడు నాయిన. ఆ గొంతు ఇని చాల దినాలైంది. నేను చున్నీతోటి కండ్లు తుడుచుకొని కాలేజీకి పోయిన.

అన్ని దినాలు గట్లనే లేవు. కూసునే పని దొరికింది, అదృష్టం అని ఒకరిద్దరు ఎనక మాట్లాడిన్రు. నాయినకు నొచ్చింది. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పుకున్నడు. మర్నాడు ఎప్పటి లెక్కనే టైముకు పోయిండు. నీళ్ళు రాలేదని రైతులు గరం అయితే ఆయన గరం కాడు. ముందు ఏ తూము కింద పొలమని అడుగుతడు, తర్వాత వాళ్ళ నాయిన పేరు అడిగి, ఎరుకైనోడే అని బాగోగులు అరుసుకుంటడు. అటు నుంచి గొంతు దానంతట అదే తగ్గుతది.

ఈ సంగతి నోట నోట పాకింది. గోపాల్‌పేటల లింగయ్య అని ఒకాయన ఉన్నడు, వేరే సర్కారు ఆఫీసుల మిషన్ మీద పని చేసేటోడు. మిషన్ల పడి కుడి చెయ్యి పోయింది. ఆయన గూడ రిటైర్మెంట్ దరఖాస్తు మీద సంతకం పెట్టబోతున్నడని నాయినకు తెలిసింది. ఆదివారం చర్చి అయినంక, "పా బిడ్డా, పోయొద్దాం" అన్నడు. బస్సు మెట్లు ఎక్కనీకె నేను చెయ్యి ఇయ్యబోతే వద్దన్నడు. కడ్డీ పట్టుకొని తానే ఎక్కిండు.

లింగయ్య కొడుకు ప్రదీప్ మమ్ములను గుమ్మం కాడనే ఆపిండు. నాకు వచ్చే నౌకరి చెడగొట్టనీకె వచ్చిన్రా అన్నడు. వానిది గూడ తప్పు అనలేను. చదువు అయిపోయి ఖాళీగ ఉన్నడు, ఇంట్ల అందరి ఆశ దాని మీదనే ఉన్నది. నాయిన కోపం చేసుకోలేదు. అరుగు మీద కూసోని, పెట్టుడు కాలు ఇప్పి పక్కన పెట్టి, చట్టం ఏం చెప్తదో మేడం చెప్పినట్టే ఇడమరిచి చెప్పిండు.

లింగయ్య ఇని, ఒక్క చెయ్యితోటి నేను ఏం చేస్త తమ్మీ అన్నడు.

"ఏం చేస్తవో ఆఫీసోళ్ళతోటి కూసోని మాట్లాడు అన్న. సంతకం పెట్టుడు, పెట్టకపోవుడు నీ ఇష్టం. నిన్ను తీసేసే హక్కు ఎవ్వరికి లేదు, గది ఒక్కటి తెలుసుకో. తెలిసినంక నువ్వు ఏది చేసినా నీ అంతట నువ్వు చేసినట్టు అయితది. నేను తెల్వక సంతకం పెట్టిన, అందుకే నీ దగ్గరికి వచ్చిన."

మేము పోయేటప్పుడు ప్రదీప్ బస్టాండ్ దాంక వచ్చిండు, నాయిన ఫోన్ నంబర్ అడిగి తీసుకున్నడు.

కొన్ని వారాలకు ప్రదీప్ ఫోన్ చేసిండు. నాయిన స్నానం చేస్తుంటే నేను ఎత్తిన. మా నాయిన సంతకం పెట్టలేదు చెల్లె అన్నడు. సుహాసిని మేడంను అడిగి, ఆమె చెప్పినట్టు వాళ్ళ ఆఫీసుల అర్జీ పెట్టిన్రంట. పాత కాయిదాలు సర్ది, అడిగినోళ్ళకు తీసిచ్చే పనిల ఏసిన్రంట. పొద్దున టిఫిన్ గిన్నె పట్టుకొని లింగయ్య తానే నడుసుకుంట డ్యూటీకి పోయిండంట. ఆ మాట చెప్తుంటే ప్రదీప్ గొంతుల నౌకరి పోయిన బాధ నాకు ఇనపడలేదు.

నాయినకు చెప్పిన. ఆయన ఎంటనే వంటింట్లకు పోయి అమ్మకు చెప్పిండు. తల తుడుచుకుంటనే బయటికి పోయి పక్కింటోళ్ళకు చెప్పిండు. తొవ్వెంట పోయే రైతును ఆపి ఆయనకు గూడ చెప్పిండు. తన కొలువు నిలబడ్డ నాడు గూడ మా నాయిన గింత మందికి చెప్పలేదు.