కుంకం కింద సముద్రం

నేనొక గ్లోబుని. గుండ్రంగా ఉన్నాను కదా అని ఎవడు పడితే వాడు తిప్పేస్తాడు. ఎక్కడ ఆగానో మాత్రం ఎవడూ చూడడు.

ఢిల్లీలో ఓ చిన్న కార్ఖానాలో పుట్టాను. బోలు బంతి మీద పటాన్ని చీలికలుగా అతికించి, గీతకి గీత కలిసేదాకా మా మేస్త్రీ నన్ను వదల్లేదు. అంత శ్రద్ధగా పుట్టి చివరికి ఎక్కడ పడ్డానయ్యా అంటే, విజయవాడలో జనాన్ని విదేశాలకు పంపే పట్టాభిగారి బల్ల మీద! ఆయన తెలివి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గ్రీన్‌లాండు డెన్మార్కుదని నా మీద రాసే ఉంది. అయినా కెనడా పక్కనుంది కాబట్టి కెనడాదే అంటాడు. పోలండు పక్కన రష్యా ముక్క ఒకటి విడిగా ఉంటుంది. అది అచ్చుతప్పట! హవ్వ!

దసరాకి ఆయుధపూజ చేస్తారు కదా, కంప్యూటరుకీ స్కూటరుకీ పెట్టినట్టే నాకూ తడికుంకంతో ఇంత బొట్టు పెట్టేవాడు. పెడితే పెట్టాడు, అన్నేసి మహాసముద్రాలు ఖాళీగా ఉండగా, సరిగ్గా బ్రిటన్ నెత్తినా? ఏటా అక్కడే. బ్రిటనూ, పక్కనున్న అయర్లాండూ, మధ్యలో సముద్రమూ ఆ ఎరుపు కింద మాయమైపోయాయి.

అప్పుడొచ్చింది ఏలూరు నుంచి సలోమి అనే నర్సు. అయర్లాండు రాజధాని డబ్లిన్‌లో ఆసుపత్రి ఉద్యోగం, ఒకటో తారీఖుకల్లా చేరాలి. వీసా పని ఈయనకి అప్పగిస్తే, ఈ మహానుభావుడు లండన్ విజిటింగ్ వీసా తెచ్చి చేతిలో పెట్టాడు.

"అయర్లాండు వేరే దేశం కదండీ?" అంది పిల్ల.

ఆయన నవ్వి, నన్ను తిప్పి, బొట్టు మీద వేలు పెట్టాడు. "చూడమ్మా, అంతా ఒకటే ఎరుపు. అంతా బ్రిటనే. లండన్‌లో దిగి, మనం కృష్ణ దాటినట్టు దాటెయ్యడమే!"

నాకు నోరుంటేనా! అయర్లాండు ద్వీపంలో ఉత్తరపు ముక్కే బ్రిటన్‌ది, మిగతాది వేరే దేశం, దాని వీసా దానిదే అని అరిచేదాన్ని. నోరులేని దాన్నయిపోయాను, ఖర్మ.

డబ్లిన్ ఉద్యోగానికి లండన్ వీసా చెల్లదని శంషాబాదులో సలోమిని విమానం ఎక్కనివ్వలేదు. మళ్ళీ సరైన వీసాకి పెట్టుకునేలోగా ఒకటో తారీఖు దాటిపోయింది. ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారు.

సలోమి తిన్నగా ఆఫీసుకొచ్చి, జేబురుమాలు తడిపి, నా మొహం మీద కుంకం తుడిచింది. నీలంగా సముద్రం బయటపడింది. దాని పక్కన అయర్లాండు, అందులో సన్నటి సరిహద్దు గీత.

"ఇన్నేళ్ళూ దీనికి దణ్ణం పెట్టారు గానీ, ఒక్కసారి చూడలేదండీ," అంది. ఆయన తల దించుకుంటాడనుకున్నాను.

"పాడు గ్లోబమ్మా, రంగులు కలిసిపోయాయి," అన్నాడు!

ఆ సాయంత్రమే నన్ను బీరువా మీదికి ఎక్కించి, కొత్త గ్లోబు కొన్నాడు. మొన్న దసరాకి పైనుంచి చూశాను. దానికీ బొట్టు పెట్టాడు. ఈసారి కాస్త కిందికి, స్పెయినూ పోర్చుగలూ కలిసేచోట.

ఇవాళ పొద్దున ఎవరో కుర్రాడు వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాడు. పోర్చుగల్‌లో ఉద్యోగమట, లిస్బన్ వెళ్ళాలంటున్నాడు.