ఊక పీపా నీళ్లు

కాలుష్యం తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు సీసాను ఎండకెత్తి చూశాడు. నీళ్లు తేటగా ఉన్నాయి. అతని కాళ్ల ముందు కాలువ మాత్రం చిక్కటి నీలంగా పారుతోంది.

"అద్దకం మిల్లు నీళ్లలో దోషం లేదు" అని రాసి సంతకం పెట్టేశాడు.

"మరి ఈ నీలం ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా? ఆకాశం కరిగి పడిందా?" అంది రేవులో బట్టలుతికే ముసలామె.

"మీ బట్టల రంగే అయ్యుంటుంది" అని మిల్లు మేనేజరు నవ్వాడు.

వాళ్లు ఉతికేవి హోటళ్ల తెల్లదుప్పట్లు.

ఆ సీసా తెచ్చినవాడు తలెత్తలేకపోయాడు. రేవు వీధిలోనే పుట్టి, మిల్లు ల్యాబులో పనికి కుదిరాడు. వీధిలో అందరికీ సీసాలాయన.

నాలుగు నెలల క్రితం దుప్పట్లకు నీలి మరకలు పడుతున్నాయని హోటళ్లవాళ్లు ఇక పని ఇవ్వబోమన్నప్పుడు అతనే ఆ రేవులో ఉతికే తన అక్కకు ఉపాయం చెప్పాడు. రైసుమిల్లు వెనక పారబోసే ఊకను కడిగి, నల్లగా కాల్చి, అడుగున చిల్లులున్న పీపాలో దట్టంగా కూరి, పైనుంచి కాలువ నీళ్లు పోయాలి. రంగు ఊకకు పట్టుకుంటుంది. అక్కా, మరో ఇరవై మంది ఆడవాళ్లూ చేతులు బొబ్బలెక్కేదాకా చేశారు. కింద తేటనీళ్లు దిగిన రోజున "మా తమ్ముడి చదువు పదిమందికి పనికొచ్చింది" అని అక్క వీధంతా చెప్పుకుంది.

సంగతి మేనేజరు చెవిన పడింది.

"మిల్లులోనే పెద్దది కట్టిద్దాం సార్, చవకలో అయిపోతుంది" అన్నాడతను ఆశగా.

"కట్టడమెందుకు? రేపు తనిఖీకి మిల్లు నీళ్ల బదులు సీసాలో మీవాళ్ల పీపా నీళ్లు పట్టుకురా."

ఉద్యోగం పోతుందని భయపడి పట్టుకొచ్చాడు. పీపా కింద సీసా పెడితే అక్క ఎందుకని కూడా అడగలేదు. "నిండా పట్టుకోరా" అంది.

ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్లిన సాయంత్రం వీధి వీధంతా రేవు షెడ్డులో కూడింది.

"ఇంకో పది పీపాలు పెట్టుకుంటే పోలా? మనకెందుకు గొడవ?" అన్నాడు ఇస్త్రీబండి ఆయన.

"రంగెక్కిన ఊక ఎక్కడ పోస్తావు? మా ఇంటి వెనక గుట్టయింది. వానొస్తే మళ్లీ కాలువలోకే" అంది ముసలామె.

అక్క లేచింది. "వాడు విషం వదలడం, మనం వడగట్టుకోవడం! ఆ పీపాలు ఉండాల్సింది మిల్లులో!"

"మిల్లు నీళ్లు బాగున్నాయని రాసేశారుగా?" అన్నాడు ఇస్త్రీబండి ఆయన.

అప్పుడు సీసాలాయన గోడ పక్కనుంచి ముందుకొచ్చాడు. "అవి మిల్లు నీళ్లు కావు. అక్క పీపావి. నేనే ఇచ్చాను."

అక్క దగ్గరికొచ్చి నిలబడింది. "నా ఎదురుగానే పట్టుకెళ్లావు కదరా" అంది. కొట్టినా బాగుండేదనిపించింది అతనికి.

"ఇక్కడ చెప్పి ఏం లాభం? మిల్లు గేటు ముందు చెప్పు" అంది అక్క.

తెల్లారి ఆడవాళ్లు నీలిరంగు పట్టిన ఊక బస్తాలు మోసుకెళ్లి మిల్లు గేటుకు అడ్డంగా కుమ్మరించారు. షిఫ్టుకొచ్చిన పనివాళ్లు ఆగిపోయారు. సీసాలాయన తల దించుకునే మొదలుపెట్టాడు, కానీ ఒక్క ముక్క దాచలేదు. అద్దకం తొట్ల దగ్గర పనిచేసేవాళ్లు మోచేతుల దాకా నీలమెక్కిన తమ చేతులు చూసుకున్నారు. ఒక్కరూ లోపలికి వెళ్లలేదు.

పోలీసులొచ్చారు. సీసాలో నీళ్లు మార్చి మోసం చేశాడని కేసు అతని ఒక్కడి మీదే. జీపెక్కుతూ అక్క వైపు చూడలేకపోయాడు.

అక్క వెళ్లి జీపు ముందు కూర్చుంది. ముసలామె ఆమె పక్కన చతికిలబడింది.

"నిన్నూ మోసం చేశాడు కదమ్మా, లే" అన్నాడు ఎస్సై.

"చేశాడు. వాడి సంగతి ఇంట్లో నేను తేలుస్తా. చేయించినవాణ్ణి కూడా జీపెక్కించు, అప్పుడు లేస్తా."

అద్దకం పనివాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక కూర్చోసాగారు.